పెద్దమేస్త్రి రుచి చూసిన నీళ్ళు

బందరులో ఎవరైనా ఇల్లు మొదలుపెడుతున్నారంటే పని తెలిసినవాళ్ళు మొదట అడిగేది నీళ్ళెక్కడివని. సిమెంటూ ఇసుకా ఇనుమూ ఎక్కడినుంచైనా తెచ్చుకోవచ్చు. బోరు వేస్తే పడేది మాత్రం ఉప్పునీరే. ఆ నీళ్ళతో కాంక్రీటు కలిపితే పోసిన రోజు తేడా తెలియదు, ఆ మరుసటి ఏడాదీ తెలియదు. పదేళ్ళు పోయాక లోపలి ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది. పైనున్న సిమెంటు పెచ్చులుగా ఊడి పడుతుంది. సముద్రం వైపు వెళ్తే అలాంటి ఇళ్ళు ఎన్నో కనిపిస్తాయి, స్లాబు కింద ఊచలు బయటపడి. అందుకే ఇక్కడ కాలవ నీళ్ళు ట్యాంకరుతో తోలించుకుంటారు. వచ్చిన ప్రతి ట్యాంకరు నీళ్ళనూ నాలుక మీద వేసుకుని చూశాకే కాంక్రీటు కలిపే మిల్లరులో పోస్తారు.

అలాంటి నాలుకకు నాకు పని నేర్పిన పెద్దమేస్త్రి పెట్టింది పేరు. ఆయనది గుడివాడ. నాకు చుట్టం కాదు. డిప్లొమా పాసై ఇరవై రెండేళ్ళ వయసులో మొదటి సైటుకు వెళ్ళినప్పుడు అక్కడ ఉన్నది ఆయన. పేరుకు నేను సూపర్వైజర్ని. ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "చదువుకున్నావు కదా అల్లుడూ, తాపీ ఎటు పట్టుకోవాలో ఆ పుస్తకాల్లో ఎక్కడన్నా రాశారా?" అని కూలీలందరి ముందూ అడిగారు. అందరూ నవ్వారు. నా నోరు అసలే మంచిది కాదు, ఏదో పెడసరంగా అన్నాను కూడా. ఆయనా నవ్వారు. ఆ రోజు నుంచీ నేను ఆయనకు అల్లుణ్ణి, ఆయన నాకు మావయ్య. పాతికేళ్ళలో నేను ఏ సైటుకు మారినా మేస్త్రిగా ఆయన్నే పిలిపించుకున్నాను.

ట్యాంకరు రాగానే ఆయన వాల్వు కింద దోసిలి పట్టేవారు. ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి పక్కకు ఉమ్మి, "కానివ్వండి" అనేవారు. బాగోకపోతే "తీసుకుపోవయ్యా" అనేవారు. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు. ఆయన కానివ్వండి అన్నాక ఆ నీళ్ళు ఇంకొకరు రుచి చూడకూడదు. ఎవరూ పెట్టిన రూలు కాదిది. పెళ్ళి వంటలో పెద్ద వంటాయన ఉప్పు సరిపోయిందన్నాక పక్కవాడు గరిటె ముంచి నాకి చూస్తే ఎంత అవమానమో, ఇదీ అంతే. పాతికేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆయన తరువాత దోసిలి పట్టలేదు. అది మర్యాద అనుకున్నాను.

పోర్టు వస్తుందన్న మాట బందరులో నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఈసారి నిజంగానే పనులు మొదలయ్యేసరికి ఊరికి కొత్త ఊపు వచ్చింది. చేపల చెరువుల మీద పైకొచ్చిన ఒక ఆసామి, ఊరి నడిబొడ్డున ఎప్పుడో మూతపడ్డ సినిమాహాలు కొని, పడగొట్టించి, అక్కడ కన్వెన్షన్ హాలు కట్టడానికి పూనుకున్నారు. "మన వాళ్ళు పెళ్ళికీ మీటింగుకీ బెజవాడ పరిగెత్తకూడదండీ, బెజవాడ వాళ్ళే ఇక్కడికి రావాలి" అన్నది ఆయన పట్టుదల. హాలు మధ్యలో ఒక్క స్తంభం కూడా అడ్డం ఉండకూడదు, ఏ మూల కూర్చున్నా వేదిక కనిపించాలి. అంటే పైకప్పు బరువంతా చుట్టూ ఉన్న పిల్లర్లే మోయాలి. పల్లపు నేల కాబట్టి ముందు మెరక తోలడానికే నెలలు పట్టింది. లారీలు మట్టి తెచ్చి పోస్తూనే ఉన్నాయి, నేల మింగుతూనే ఉంది.

మావయ్య ఆ పని మీద ప్రాణం పెట్టుకున్నారు. ఆయన ఇళ్ళు కట్టారు, రైసుమిల్లులు కట్టారు, ఘంటసాల దగ్గర ఒక బడి కట్టారు. ఇంతమంది ఒక్కసారిగా వచ్చి కూర్చునే చోటు మాత్రం ఎప్పుడూ కట్టలేదు. "ఇదే నా ఆఖరి పని అల్లుడూ. ఈ హాలు కట్టింది ఫలానా మేస్త్రి అని జనం అనుకుంటే చాలు, ఇక తాపీ మూల పడేస్తాను" అనేవారు. ఆయనకు పొలం పుట్రా లేవు. ఉన్నదల్లా ఆ పేరే. యాభై ఏళ్ళుగా ఎవరూ వేలెత్తి చూపని పేరు.

పునాదులు పూర్తయ్యాక ఆయనకు జ్వరం పట్టుకుంది. రెండు వారాలు గుడివాడలో మంచం దిగలేదు. తిరిగి సైటుకు వచ్చేసరికి మనిషి సగమయ్యారు, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. "ఇంకో వారం పడుకోండి మావయ్యా, కొంపలేం మునిగిపోవు" అన్నాను. "పిల్లర్లు లేస్తుంటే నేను పడుకోవడమేంట్రా" అని నన్నే కసిరారు. అప్పటికి ఎండలు ముదిరాయి, కాలవలు కట్టేశారు. ట్యాంకరు అతను దివిసీమ మనిషి. ఉయ్యూరు దాకా వెళ్ళి అక్కడి మంచినీళ్ళ బోరు నుంచి నీళ్ళు తేవాలని అతనితో మాట. మావయ్య ఎప్పటిలాగే దోసిలి పట్టేవారు, పుక్కిలించేవారు, కానివ్వండి అనేవారు. అలా రెండు పిల్లర్లు పోశాం.

మూడో పిల్లరు పోయబోయే రోజు మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక ట్యాంకరు నింపిన డ్రమ్ములో నీళ్ళు తీసి మొహాన కొట్టుకున్నాను. పెదవుల మీద ఉప్పగా తగిలింది. చెమట అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెమటే అయి ఉండాలని అనుకున్నాను. ఇంకో దోసెడు తీసుకుని నోట్లో పోసుకుంటే తేలిపోయేది. నాలుగడుగుల దూరంలో మావయ్య నిలబడి సెంట్రింగు వాళ్ళకు ఏదో చెప్తున్నారు. ఆయన ఎదురుగా ఆ పని చెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని గొడుగు కిందికి వెళ్ళి కూర్చున్నాను. ఆ సాయంత్రం మూడో పిల్లరూ, రెండు రోజుల తరువాత నాలుగోదీ పోశాం.

విషయం బయటపెట్టింది గేటు దగ్గర టీ బండి ఆవిడ. హార్బరు వైపు చేపల వాడ నుంచి వచ్చేది. ఒక రోజు కుళాయి రాక, మా డ్రమ్ములోంచి బిందెడు నీళ్ళు అడిగి పట్టుకెళ్ళింది. అరగంటలో టీ గిన్నె చేత్తో పట్టుకుని నా మీదికి వచ్చింది.

"ఏవండీ సూపర్వైజరు గారూ, ఇయ్యేం నీళ్ళండీ బాబూ! పాలన్నీ విరిగిపోయినియ్. సముద్రంలోంచి తోడుకొచ్చారా ఏంటి?"

"నీ పాలే పాడయ్యుంటాయమ్మా. మా నీళ్ళకేం వచ్చింది?" అని విసుక్కున్నాను.

"ఉప్పు సంగతి నాకు చెప్తారేంటండీ? నేను పుట్టిందీ పెరిగిందీ ఉప్పులోనే. మీరే నోట్లో పోసుకుని చూడండి, తెలుస్తుంది."

ఆవిడ ముందే పోసుకున్నాను. మింగలేకపోయాను. కాళ్ళ కింద మెరక మట్టి దిగిపోతున్నట్టు అనిపించింది.

ట్యాంకరు అతన్ని పిలిపించాను. కాసేపు నసిగి ఒప్పేసుకున్నాడు. ఉయ్యూరు దాకా వెళ్ళకుండా దగ్గర్లో కాలవ గుంటల్లో మిగిలిన నీళ్ళు తోడాడట. పోటుకి సముద్రపు నీళ్ళు ఎగదన్ని అందులో కలిశాయి. "నాకూ అనుమానంగానే ఉందండీ. మేస్త్రిగారు వద్దంటే వెనక్కి తీసుకెళ్ళిపోదామనుకున్నానండీ. ఆయనేమో కానివ్వమన్నారు. ఆయనకన్నా నాకు ఎక్కువ తెలుసా అండీ?" అన్నాడు. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. చెయ్యి లేవలేదు. అతను చెప్పుకున్న సాకే నాదీను.

సిమెంటు షెడ్డులో మావయ్య ఒక్కరే ఉన్నారు. గ్లాసుతో డ్రమ్ము నీళ్ళు తీసుకెళ్ళి, "ఇవి ఒకసారి చూడండి మావయ్యా" అన్నాను. ఆయన నోట్లో పోసుకుని పుక్కిలించారు. "బాగానే ఉన్నాయిగా" అన్నారు. నా మొహం చూసేసరికి ఆయనకు అర్థమైంది. గ్లాసు కింద పెట్టి సిమెంటు బస్తా మీద కూలబడ్డారు.

"జ్వరం పోతూ పోతూ రుచి పట్టుకుపోయిందిరా" అన్నారు. "మీ అత్తయ్యకి ఒక్కదానికే తెలుసు. చేపల పులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. నేను బ్రహ్మాండంగా ఉందన్నాను. గరిటె అక్కడే వదిలేసి నా మొహం వంక చూసింది."

"మరి చెప్పొద్దూ?" అని అరిచాను. పెద్దాయన మీద గొంతు లేపడం అదే మొదటిసారి.

"నాలిక పోయిందని చెప్తే ఇంక మేస్త్రి ఎక్కడున్నాడ్రా? ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకున్నాను. నీళ్ళ రంగు చూసి సరిపెట్టుకున్నాను." "ఎవడో ఒకడు అనుమానపడి ఓ గుక్క తాగి చూస్తాడులే అని రోజూ అనుకునేవాణ్ణి. ఒక్కడూ చూడలేదు."

డ్రమ్ము దగ్గర జరిగింది అప్పుడే చెప్పి ఉండాల్సింది. గ్లాసు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఆసామి గారింటికి వెళ్ళి నీళ్ళ సంగతి చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. మొహం పాలిపోయింది. "చూడ్డానికి పిల్లర్లు బాగానే ఉన్నాయి కదండీ?" అన్నారు. ఇప్పుడు బాగానే ఉంటాయండీ, పదేళ్ళు పోయాక కదా తెలిసేది అన్నాను. "పదేళ్ళ సంగతి పదేళ్ళకి చూసుకుందాం. పైన ప్లాస్టరింగు చేసి గ్రానైటు అంటించేస్తే ఎవరికి కనిపిస్తుంది? ఇప్పుడు పడగొట్టామనుకోండి, కట్టకముందే కూలిందంటారు ఊళ్ళో. ఇంక ఎవరొస్తారు ఫంక్షన్ పెట్టుకోవడానికి?" అన్నారు. నేను తలూపాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఊపాను. తిరిగొచ్చి మావయ్యకు చెప్పాను. ఆయన విని సంచి తీసుకుని గుడివాడ బస్సెక్కారు.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. గడ్డం గీయించుకున్నారు, ఉతికిన పంచె కట్టుకున్నారు. పని మొదలయ్యే వేళకు అందరినీ ఆ నాలుగు పిల్లర్ల దగ్గరికి పిలిచారు. తాపీవాళ్ళు, సెంట్రింగు వాళ్ళు, తట్టలు మోసే ఆడవాళ్ళు, టీ బండి ఆవిడ కూడా వచ్చి నిలబడింది.

"వీటిల్లో పోసినవి ఉప్పునీళ్ళు" అన్నారు. "కానివ్వమన్నవాణ్ణి నేను. నాకు జ్వరంలో రుచి పోయింది. పోయిందని చెప్పకుండా రోజూ మీ ముందు పుక్కిలించి ఉమ్మాను. మిమ్మల్ని మోసం చేశాను. రేపు ఈ కప్పు కింద జనం పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కూర్చుంటారు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందే. ఇవి పడగొట్టాలి."

అప్పుడు అర్థమైంది నాకు. ఇంతమంది చెవిన పడ్డాక దీన్ని దాచడం ఎవరి తరమూ కాదు. పిల్లర్లు పడగొట్టించడానికి ఆయనకు దొరికిన దారి అదొక్కటే. దానికి తన పేరు ఇచ్చేశారు.

తట్టలు మోసే ఒకావిడ మెల్లగా అడిగింది. "ఇన్ని రోజులూ ఇంకెవరికీ తెలీలేదాండీ మేస్త్రిగారూ?"

మావయ్య నా వైపు చూడలేదు. కానీ మిగతావాళ్ళందరూ చూశారు. సూపర్వైజర్ని కదా. ఒక్క అడుగు ముందుకు వేసి, నాకు అనుమానం వచ్చిందమ్మా, వచ్చినా ఊరుకున్నాను అంటే సరిపోయేది. నేను నేలచూపులు చూశాను. నా నోరు ఎవరి మీద పడితే వాళ్ళ మీద లేస్తుందని ఇంట్లో ఆడిపోసుకుంటారు. ఆ రోజు లేవలేదు.

"ఎవరికి తెలుస్తుందమ్మా, నేను చెప్పకపోతే? తప్పు నా ఒక్కడిదే" అన్నారు మావయ్య.

సమ్మెట అడిగి తీసుకున్నారు. మొదటి దెబ్బకు కాంక్రీటు మీద గీత కూడా పడలేదు. ఆయన చేత్తో పోసిన కాంక్రీటు అది, అంత తేలిగ్గా ఎందుకు పగులుతుంది? నాలుగో దెబ్బకు అంచు ఊడింది. ఆయాసంతో వంగిపోయారు. ఎవరో వచ్చి సమ్మెట అందుకున్నారు. మధ్యాహ్నానికి బ్రేకరు మిషను వచ్చింది. ఆలోపే సంగతి ఊరంతా పాకిపోయింది. ఆసామి గారు కారు దిగి గట్టిగట్టిగా అరిచారు, తరువాత చల్లబడ్డారు. పిల్లర్లు పడగొట్టి మళ్ళీ పోయడానికి ఒప్పుకోక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ నాతో, "ఆయన మళ్ళీ నా సైటులో కనిపించకూడదు" అన్నారు. మావయ్య ఆ మాట విన్నారు. తాపీ, మట్టం, తూకం గుండు సంచిలో సర్దుకుని గేటు దాటి వెళ్ళారు.

అప్పుడైనా ఆపొచ్చు. నేనూ తెలిసే ఊరుకున్నానండీ అంటే ఆసామి గారు నన్నూ పొమ్మనేవారు. అమ్మాయి ఇంజనీరింగు చదువు మధ్యలో ఉంది, ఇంకో ఉద్యోగం చేతిలో లేదు. ఇవన్నీ నిజాలే. భయపడ్డాను, అది వీటన్నిటికన్నా నిజం.

జనం నోళ్ళు ఊరుకుంటాయా? ఆయనకు "ఉప్పు మేస్త్రి" అని పేరు పెట్టారు. పిల్లర్లు పడగొట్టించింది ఆయనేనన్న సంగతి నెల తిరక్కుండా మర్చిపోయారు, ఉప్పు మాత్రం గుర్తుంచుకున్నారు. గుడివాడలో ఒకాయన ఇంటి ప్రహరీ గోడకు ఆయన్ని పిలిచి, ఈ మాట విని మళ్ళీ వద్దన్నారట. ఆ కబురు తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. అయినా వెళ్ళి ఆయన్ని చూడలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

హాలు లేచింది. కొత్త పిల్లర్లకు నీళ్ళు ప్రతి ట్యాంకరూ నేనూ రుచి చూశాను, ఇంకో ఇద్దరి చేతా చూపించాను. ప్రారంభం రోజున దీపాలతో, పూలతో ఊరు ఊరంతా అక్కడే ఉంది. పని చేసినవాళ్ళను ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. నాకూ కప్పారు. యాంకరు అమ్మాయి మైకు చేతికిచ్చి, "రెండు ముక్కలు మాట్లాడండి సార్" అంది.

ముందు అనుకున్నది కాదు. నోటికి వచ్చేసింది. "ఈ హాలు నిలబడటానికి తన పేరు పోగొట్టుకున్న పెద్దమేస్త్రి ఒకాయన ఉన్నారు. తప్పు ఆయనొక్కరిది కాదు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని నాకు ముందే తగిలింది. తెలిసీ నోరు మూసుకున్నాను" అన్నాను. నా గొంతు నాకే స్పీకర్లలో పెద్దగా వినిపించింది. ముందు వరుసలో ఎవరో ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. వెనక బఫే దగ్గర ప్లేట్ల చప్పుడు. ఆసామి గారు నవ్వు మొహంతోనే యాంకరు వైపు సైగ చేశారు. ఆ అమ్మాయి మైకు అందుకుని, "థాంక్యూ సార్, భోజనాలు రెడీగా ఉన్నాయండీ, అందరూ దయచేయండి" అంది. కుర్చీలన్నీ ఒక్కసారిగా లేచాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని.

మర్నాడు గుడివాడ వెళ్ళాను. అత్తయ్య తలుపు తీసి, "రా నాయనా" అని లోపలికి పిలిచింది. మావయ్య వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఎదురుగా కింద కూర్చుని అంతా చెప్పాను. డ్రమ్ము దగ్గర పెదవులకు తగిలిన ఉప్పూ, తువ్వాలుతో తుడుచుకున్నదీ, నిన్న మైకులో అన్నదీ.

"నిన్న ఎంతమంది విన్నారు?" అని అడిగారు.

"ఎవరూ వినలేదు మావయ్యా. భోజనాలకు లేచారు."

"హాలు బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది. ఏ మూల కూర్చున్నా వేదిక కనిపిస్తుంది."

ఆయన తలాడించారు. అత్తయ్య గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఆ పొద్దున నువ్వొచ్చి నా పక్కన నిలబడి ఆ మాట అనుంటే," అన్నారు మావయ్య, "ఇద్దరం తప్పు చేశామనుకునేవాళ్ళు. ఇద్దరం కలిసి పడగొట్టేవాళ్ళం. మహా అయితే ఇద్దర్నీ పొమ్మనేవాళ్ళు, ఇంకో చోట ఇద్దరం పని చేసుకునేవాళ్ళం. ఉప్పునీళ్ళు పోశానని నాకు అంత బాధ లేదురా. పోశాను, పడగొట్టాను. అంతమందిలో నన్ను ఒక్కణ్ణి చేశావు చూడు, అదీ బాధ."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. కాళ్ళ మీద పడదామనుకున్నాను. పడితే ఆయన లేవదీయాలి, సర్లే పోనీ అనాలి. ఆ మాట ఆయన చేత అనిపించుకునే హక్కు నాకు లేదనిపించింది. తల వంచుకుని అక్కడే కూర్చున్నాను. ఆయన వెళ్ళమనలేదు, ఉండమనలేదు.